బొమ్మ ట్రక్కులో కొబ్బరినూనె

మా చిన్నప్పుడు... ఏడో తరగతి, డిసెంబరు నెల. జగ్గయ్యపేటలో మా వరండాలో నాన్న బాసింపట్టు వేసుకుని, నా రిమోట్ ట్రక్కుని ఒళ్ళో పెట్టుకుని, లారీ ఆయిల్ డబ్బా మూత తీస్తున్నాడు. నేను పక్కన నిలబడి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా...

"నాన్నా, దానికి వేరే ఆయిల్ ఉంటదంట! మామయ్య చెప్పాడు."

"ఆయిల్ ఆయిలే రూతమ్మా. లారీలకి పోసేవాణ్ణి, రెండు కిలోల బొమ్మకి పోయలేనా?"

నాన్నకి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ మెకానిక్ షెడ్డు. డ్రైవర్లంతా 'మేస్త్రీ గారూ' అనేవాళ్ళు. తెలీదు అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలా.

ట్రక్కు ఇచ్చింది చిన్నమామయ్య. హైదరాబాదులో ఆయన స్నేహితుడెవరో వాడి వదిలేసింది. నాలుగు చక్రాలకీ చిటికెన వేలంత షాక్ అబ్జార్బర్లు... వాటిల్లో ఆయిల్ కారిపోయి, చిన్న రాయి తగిలినా బండి ఎగిరి తిరగబడేది. ఇక డిఫరెన్షియల్... అంటే మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే పళ్ళ చక్రాల పెట్టె... ముందొకటి, వెనకొకటి... అవీ ఎండిపోయాయి. ఒక చక్రం గాల్లోకి లేస్తే అదొక్కటే గిర్రున తిరిగేది, బండి మాత్రం కదిలేది కాదు.

క్రిస్మస్‌కి నందిగామలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాలి. పెద్దమ్మ కొడుకు బాబీకి కొత్త రిమోట్ కారు కొన్నారు. పందెం అని ఫోన్‌లో ముందే చెప్పేసా. నా నోరు ఊరుకోదుగా!

నాన్న నా మాట వినలా, పోసేసాడు. రెండు రోజులకే షాకుల లోపలి రబ్బరు రింగులు ఉబ్బిపోయి, ఆయిలంతా కారి... అమ్మ పండక్కి ఫాల్ కుట్టించి పెట్టుకున్న చీర మీద పడింది.

"ఆ బండన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి ఈ ఇంట్లో!" అంది అమ్మ.

నెట్ సెంటర్‌కెళ్ళి వెతికితే ఇంకా పిచ్చెక్కింది. షాకుల్లో ముప్పై నంబరు పోయమని ఒకడు. కాదు మూడొందల యాభై అని ఇంకొకడు. ఆ రెండూ ఇంచుమించు ఒకటే అని మరొకడు! డిఫరెన్షియల్‌కి ఐదు వేల నంబరట, పది వేలట... అవన్నీ చిక్కదనం కొలతలని అర్థమయ్యేసరికి నా గంట అయిపోయింది.

విసుగెత్తి, మామయ్య ఇచ్చిన స్పేర్ రింగులు వేసి, షాకుల్లో అమ్మ తలకి రాసుకునే కొబ్బరినూనె పోసేసా. డిఫరెన్షియల్‌లో నాన్న గ్రీజు కుక్కాడు. మధ్యాహ్నం ఎండలో బండి బ్రహ్మాండంగా పరిగెత్తింది. ఆహా, నా తెలివే తెలివి అనుకున్నా...

క్రిస్మస్ పొద్దున్నే, చర్చికి వెళ్ళకముందే నందిగామలో పందెం. చలికి కొబ్బరినూనె పేరుకుపోయింది! షాకులు నొక్కితే కదలవు. మొదటి కంకర రాయికే బండి బోర్లా పడింది. బాబీ కారు వీధి చివరికెళ్ళి తిరిగొచ్చేసింది కూడా.

"ఏం మేస్త్రీ తమ్ముడూ, బొమ్మ బండిని కూడా షెడ్డుకి తోలాలా?" అన్నాడు పెదనాన్న. అందరూ ఘొల్లున నవ్వారు.

కొబ్బరినూనె పోసింది నేనని నాన్న ఒక్క మాట అనొచ్చు. అనలా... తలొంచుకుని బండి తీసి, మట్టి దులిపాడు.

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే నెమ్మదిగా అన్నాడు, "దీని సంగతి నాకు తెలీదే రూతమ్మా. తెలిసినవాళ్ళని అడుగుదాం."

మర్నాడే మామయ్యని అడిగి, హైదరాబాదులో ఇలాంటి బళ్ళ సామాన్లమ్మే షాపుకి ఫోన్ చేసాడు.

"చిన్న ట్రక్కుకి షాక్ ఆయిల్ కావాలండి."

"ఎంత వెయిటు?"

"రెండు కిలోలుంటది."

"బండిది కాదండీ, ఆయిల్‌ది!"

"ఆయిల్‌కి వెయిటేంటయ్యా? సీసాడు చాలు!"

వెయిటంటే నేను నెట్‌లో చూసిన ఆ చిక్కదనం నంబరే! నాకు తల బాదుకోవాలనిపించింది. ఫోన్ లాక్కోబోతే నాన్న ఇవ్వలా. అవతలాయన ఓపిగ్గా అడుగుతున్నాడు... ఏ నేల మీద నడుపుతారు, ఎండెక్కువా, గెంతిస్తారా అని. నాన్న మొహం మారింది. ఏ రోడ్డు, ఎంత లోడు అని అడగందే ఆయన కూడా లారీ మీద చెయ్యి వేసేవాడు కాదు మరి.

"చెప్పండి సార్, రాసుకుంటా," అన్నాడు.

షాకులకి నలభై నంబరు, ముందు డిఫరెన్షియల్‌కి ఏడు వేల నంబరు, వెనకదానికి ఐదు వేలది. బస్సు పార్సిల్లో బుల్లి సీసాలొచ్చాయి. నాన్న కిరోసిన్‌తో పాత గ్రీజంతా కడిగి తుడిచాడు. షాక్‌లో ఆయిల్ పోసి, లోపలి కడ్డీని పైకీ కిందకీ ఆడిస్తూ కూర్చున్నాడు... గాలి బుడగలు పోవాలట. ఒక్కోదానికీ పావుగంట!

"అయిపోయింది నాన్నా!"

"అవలా. ఇంకో బుడగుంది."

ఆదివారం మళ్ళీ నందిగామ వెళ్తే... బాబీ అప్పటికే కారు విరగ్గొట్టుకుని క్రికెట్‌లో పడ్డాడు! ఇంత చేస్తే పందానికి మనిషే లేడు. ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా పక్కింటివాళ్ళు ఇల్లు కట్టడానికి పోయించిన కంకర కుప్ప మీదికి తోలా. బండి ఒక్కసారి కూడా పడకుండా ఎక్కి, అవతలికి దిగింది.

పెదనాన్న నోరు తెరిచాడు. "ఏం ఆయిల్ పోసావు తమ్ముడూ?"

"నేలని బట్టి, ఎండని బట్టి చూసి పొయ్యాలన్నయ్యా..." అని నాన్న మొదలెట్టి అరగంట చెప్పాడు. పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు! నేను గుడ్లురిమి చూస్తున్నా, నా వైపు తిరిగితేగా.

హైవే వెడల్పు చేసాక షెడ్డు తీసేసారు. ఇప్పుడు నాన్న ఇంటిపట్టునే ఉంటున్నాడు. మొన్న నా స్కూటీ ఏదో శబ్దం చేస్తోందని చెప్తే, పేపర్లోంచి తలెత్తకుండా, "ఫోన్‌లో చూసుకోమ్మా, అన్నీ ఉంటాయిగా," అన్నాడు.

చూసా. నిమిషంలో దొరికింది...

మీ ఇళ్ళల్లోనూ ఇలా అన్నీ తనకే తెలుసని మిమ్మల్ని విసిగించినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి రాయండి, ఒక్కోటీ చదువుతా. తప్పో ఒప్పో ఏదోటి చెప్పి నాతో పోట్లాడు నాన్నా అని నేనడిగినా, ఇప్పుడు మా నాన్న పోట్లాడట్లేదు.