తొలి కాన్పుకు మూడు చోట్లు

మేం హా లోయకు చేరింది జూన్ నెలలో, మధ్యాహ్నం మూడు గంటలకు. వాన పడుతూనే ఉంది. భూటాన్ దేశంలో పడమటి మూల అది. తొమ్మిది వేల అడుగుల ఎత్తు. రెండు పక్కలా నల్లటి కొండలు, నడుమ ఏరు. సైన్యం ట్రక్కు వెనక నుంచి ముందు నేను దిగాను. తర్వాత మా ట్రంకు పెట్టె, రెండు పరుపుచుట్టలు, కిరోసిన్ స్టవ్వు దించుకున్నాం. చివరికి నా భార్య సులోచన దిగింది. రబ్బరు చెప్పులతో దిగింది. కాలు బురదలో మడమ దాకా దిగబడింది.

"ఈడ తెలుగోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది.

ఎవరూ లేరు.

ఎనభైల నడిమి కాలం అది. నేను మన సైన్యం సిగ్నల్స్ దళంలో నాయక్‌ని, వైర్‌లెస్ ఆపరేటర్‌ని. అక్కడి సైనికులకు శిక్షణ ఇచ్చే మన బృందం ఒకటి ఆ లోయలో ఉండేది. ఆ బృందానికీ కింది మైదానానికీ మధ్య మాట మోయడం నా పని. కుటుంబాన్ని తెచ్చుకోవచ్చన్నారు. పెళ్లయినప్పటి నుంచి నేను ఒక చోట, ఆమె షోలాపూర్‌లో ఉన్నాం. అందుకే తెచ్చుకున్నాను.

మాకిచ్చిన క్వార్టర్‌లో ఒక గది, ఒక వంటిల్లు. రేకుల కప్పు. గది మధ్యలో ఇనుప పొయ్యి, దానికి కప్పులోంచి బయటికి పోయే గొట్టం. బుఖారీ అంటారు. అది వెలిగితే ఇల్లు, ఆరితే మంచుగడ్డ. వైర్‌లెస్ గది గుట్ట మీద. మేం ఇద్దరం ఆపరేటర్లం, మాపైన గఢ్వాల్ నుంచి వచ్చిన సూబేదార్ సాబ్. ఒక షిఫ్టు పొద్దున ఆరు నుంచి రెండు దాకా, రెండోది రెండు నుంచి రాత్రి పది దాకా. నేను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎక్కడెక్కడి గొంతులో వినేవాణ్ణి. సులోచనకు వినడానికి ఒక్క గొంతూ లేదు.

ఆమె షోలాపూర్‌లో తెలుగువాళ్లుండే నీలం నగర్ పిల్ల. వాళ్ల గల్లీలో ఒక ఇంట్లో పాప ఏడిస్తే నాలుగిళ్ల వాళ్లు పలకరిస్తారు. ఆడవాళ్లు గడపల మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, మాట్లాడుతూ బీడీలు చుడతారు. సులోచన చిన్నప్పటి నుంచి చుట్టింది. ఆ వేళ్లకు ఖాళీ తెలియదు. హా లోయలో ఏదో చెట్టు ఆకులు తెచ్చి, ఆరబెట్టి, కత్తెరతో బీడీ ఆకు కొలతకు కత్తిరించేది. అందులో పెట్టడానికి తంబాకు లేదు. ఉత్త ఆకులే చుట్టి, దారం కట్టి, సాయంత్రం బుఖారీలో వేసేది.

"ఎందుకట్ల?" అని అడిగాను.

"ఏం చెయ్యాలె మరి? ఈడ సప్పుడే లేదు. చెవులు గుయ్యిమంటున్నయ్."

ఆమె కడుపుతో ఉందని జులైలో తెలిసింది. మా ఆసుపత్రిలో పది పడకలు, ఒక్క డాక్టరు. బెంగాలీ, కెప్టెన్, నాకంటే చిన్నవాడు. అక్టోబరులో ఒక పొద్దున ఆమె కడుపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. చోటు మార్చి మళ్లీ విన్నాడు. నన్ను పిలిచాడు.

"నాయక్, నువ్వు వైర్‌లెస్ వాడివి కదా. ఇక్కడ విను."

విన్నాను. గబగబా కొట్టుకుంటున్న చిన్న గుండె. తర్వాత గొట్టాన్ని పక్కకు జరిపాడు. అక్కడ ఇంకొకటి. దాని వేగం వేరు.

"ఇద్దరు," అన్నాడు డాక్టరు.

ఆయన నవ్వలేదు. కుర్చీ జరుపుకుని నాకు హిందీలో చెప్పాడు. సులోచనకు హిందీ కొంచెం వచ్చు, ఆమె నా ముఖం చూస్తూ వింది.

"ఇక్కడ కాన్పు చెయ్యను. ఇద్దరు పిల్లలంటే ముందే రావచ్చు. రక్తం అవసరం పడితే ఇక్కడ లేదు. కింద మైదానంలో మన మిలిటరీ ఆసుపత్రి ఉంది, అక్కడ చేరితే మంచిది. నెల తక్కువ పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టె ఉంది. లేదంటే మీ ఊరు. ఊరికైతే ఏడో నెల దాటకముందే పోవాలి. ఆ తర్వాత రైలు ఎక్కనివ్వను. మంచు పడితే దిగడానికి దారి కూడా ఉండదు."

మూడు చోట్లు. ఒకటి ఆయనే కొట్టేశాడు.

ఆ సాయంత్రం బుఖారీ దగ్గర కూర్చున్నాం. నేను కింది ఆసుపత్రి అన్నాను. ఒక్క రోజు దారి. అంతా సైన్యం వాళ్లే.

"నొప్పులొచ్చినప్పుడు నువ్వుంటవా?" అంది.

"సెలవు దొరికితే వస్త."

"దొరక్కపోతే?"

నేను బుఖారీలో కట్టె వేశాను.

"గాడ నాకెవ్వరు తెలుసు? నర్సులు ఏదో భాష మాట్లాడ్తరు. నొప్పులొస్తే నేను ఏ భాషల ఒర్లాలె? ‘అవ్వా’ అంటే పలికేటోళ్లు కావాలె నాకు."

"గాజుపెట్టె ఉందన్నడు కదా డాక్టరు."

"షోలాపూర్‌ల గూడ పెద్ద దవఖాన ఉన్నది. పక్కన మా అవ్వ ఉంటది." చేతిలోని ఆకుచుట్ట బుఖారీలో వేసి మళ్లీ అంది. "నిన్ను ఇడిచిపెట్టి పోవుడు నాకు ఇష్టమా? గని నువ్వు గుట్ట మీదుంటవ్. నేను ఈడున్నా ఒక్కదాన్నే, కిందున్నా ఒక్కదాన్నే."

అందులో నేను కాదనగలిగిన మాట ఒక్కటీ లేదు. మర్నాడు సెలవు అడిగాను. దింపి వెంటనే తిరిగి రమ్మని సూబేదార్ సాబ్ ఇచ్చాడు.

ట్రక్కులో ఆమె కింద పరుపు, వెనక దిండు పెట్టాం. మలుపులు వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుంది. మూడు రైళ్లు మారాం. షోలాపూర్ స్టేషన్‌లో దిగి టాంగా ఎక్కాక ఆమె ఎండలోకి ముఖం పెట్టి కళ్లు మూసుకుంది. కుంఠా నాకా దగ్గరికి వచ్చేసరికి మరమగ్గాల షెడ్ల మోత మొదలైంది. టాంగావాడి మాట కూడా వినపడనంత మోత. సులోచన కళ్లు తెరిచి నవ్వింది. హా లోయలో ఉన్న ఆ నెలల్లో అలాంటి నవ్వు నేను చూడలేదు. ఇదే సరైన చోటు అనుకున్నాను.

మా అత్తమ్మ నర్సవ్వ ఒళ్లోంచి చాట దించి గడప మీద నుంచి లేచింది. బిడ్డ కడుపు చూసి, నా వైపు తిరిగింది.

"కాళ్జీ చెయ్యకు బిడ్డా. నేనున్న గద."

షోలాపూర్ తెలుగులో కాళ్జీ అంటే దిగులు. మరాఠీ మాట, మాదైపోయింది. మా మామ కుంఠా నాకా దగ్గర ఒక షెడ్‌లో తువ్వాళ్లు నేసేవాడు. షిఫ్టు దిగి వచ్చి, చెవిలో దూది తీసి, నా చేయి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మగ్గాల పక్కన బతికినవాళ్లు చాలామంది అంతే. రెండు రాత్రులున్నాను. మూడో పొద్దున బయల్దేరాను. సులోచన గల్లీ చివరి దాకా వచ్చింది.

"చలికి చెవులు కప్పుకో," అంది.

తిరిగి హా లోయకు చేరేసరికి క్వార్టర్ మంచులా ఉంది. బుఖారీ వెలిగించాను. రెండు కంచాల్లో ఒకటి బోర్లించాను. డ్యూటీ, వంట, నిద్ర. ఇంట్లో తెలుగు మాట వినాలనిపించి ఒకరోజు పైకే మాట్లాడాను. అన్నం ఉడికింది, దించాలి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించి ఇంకెప్పుడూ ఆ పని చేయలేదు.

డిసెంబరు చివర మంచు కమ్ముకుంది. పై మలుపుల్లో రోడ్డు మూసుకుంది. టెలిఫోన్ తీగలు తెగాయి. కింది లోకానికీ మాకూ మధ్య మిగిలింది మా సెట్ ఒక్కటే. ఊళ్ల నుంచి వచ్చే టెలిగ్రాములు కింది స్టేషన్‌కు చేరేవి. అక్కడి ఆపరేటర్ పొద్దున తొమ్మిది గంటల వేళకు మోర్స్‌లో మాకు పంపేవాడు. అలా ఎన్నో రాసుకున్నాను. లాంగ్రీకి, అంటే మా వంటవాడికి, తమ్ముడి పెళ్లి. డ్రైవర్‌కు తండ్రి పోయిన కబురు. రాసుకున్నది మనసుకు ఎక్కనివ్వకూడదు, చేతి వరకే ఉండాలి అని శిక్షణలో చెప్తారు. నాకు అది బాగా అలవాటైంది.

జనవరిలో ఒక పొద్దున. కిటికీ సగం దాకా మంచు. డ్యూటీలో నేనే ఉన్నాను. మొదట నా నంబరు వచ్చింది, తర్వాత నా పేరు. చేయి రాస్తూనే ఉంది. టెలిగ్రామ్ ఇంగ్లిషులో ఉంది. "బాయ్ గర్ల్ బోర్న్. గర్ల్ మదర్ వెల్."

మగపిల్లాడు, ఆడపిల్ల పుట్టారు. ఆడపిల్ల, తల్లి క్షేమం.

మళ్లీ పంపమని అడిగాను. పంపాడు. అవే మాటలు. ఒక మాట ఎక్కడో జారిపోయి ఉంటుంది, అక్షరం అక్షరం చెప్పమన్నాను. చెప్పాడు. అప్పుడు అతను మోర్స్ ఆపి గొంతుతో వచ్చాడు. నియమం ప్రకారం అలా రాకూడదు. సన్నగా, గరగరల మధ్య వినిపించింది.

"భాయ్, కాగితం నా చేతిలో ఉంది. ఇంతే ఉంది."

"బాయ్ గురించి ఇంకేమీ లేదా?"

"లేదు భాయ్. ఇది నీకేనా?"

"నాకే."

అతను వెంటనే సెట్ కట్టేయలేదు. మీట నొక్కే పట్టుకున్నాడు. అవతల మనిషి ఉన్నాడో లేడో ఆపరేటర్ల చెవికి తెలుస్తుంది. అతని ముఖం నేను ఎప్పుడూ చూడలేదు.

సూబేదార్ సాబ్ వచ్చి కాగితం చూశాడు. ఆయనకు ముగ్గురు పిల్లలు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"సెలవు ఇప్పుడే రాసి సంతకం చేస్తాను. కానీ దారి లేదు, బేటా. రోడ్డు తెరిచిన రోజు మొదటి బండిలో నువ్వే."

"సరే సాబ్."

"ఇవాళ డ్యూటీ వదిలెయ్. క్వార్టర్‌కు పో."

"ఇక్కడే ఉంటాను సాబ్," అన్నాను. క్వార్టర్‌లో ఎవరున్నారని?

మర్నాడు కింది ఆపరేటర్ ద్వారా షోలాపూర్‌కు అడిగించాను. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. బాబు పుట్టిన రోజే పోయాడు. ఆ మాటలూ నేనే రాసుకున్నాను. డాక్టర్ కెప్టెన్ సాయంత్రాలు నా క్వార్టర్‌కు వచ్చి కూర్చునేవాడు. కింది ఆసుపత్రి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బుఖారీకి కట్టెలు వేసేవాడు, చాయ్ తాగి వెళ్లేవాడు.

మార్చిలో రోడ్డు తెరిచారు. మొదటి బండిలో దిగాను.

నీలం నగర్ చేరింది పగలు పదకొండు గంటలకు. అత్తమ్మ గడప మీదే ఉంది. నన్ను చూడగానే లేచి, నా చేతిలోని సంచి తీసుకుని, అక్కడే నిలబడి చెప్పింది.

"ఎనిమిదో నెలల్నే నొప్పులొచ్చినయి బిడ్డా. రిక్షాల ఏసుకొని లవ్‌కర్, జల్ది జల్ది, దవఖానకు పోయినం. డాక్టర్లు చెయ్యవలసిందంత చేసిండ్రు. పిల్ల గట్టిగ ఏడ్చింది. పిలగాడు ఏడ్వలే. సల్లగ ఉండె. నా ఒళ్లె పెట్టుకున్న, ఎంత కప్పినా సల్లగనే ఉండె."

"సులోచన?"

"లోపల పండుకున్నది. జర ఆగు, మామతోని పోయి రా ముందుగాల."

మామ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఊరి చివర చిన్నపిల్లల్ని పూడ్చే నేలకు తీసుకెళ్లాడు. తుమ్మచెట్లు, రాళ్లు, ఎండిన గడ్డి. ఆయన కొంత దూరం నడిచి ఆగాడు. వెనక్కి వచ్చాడు. ఇంకో చోట ఆగాడు.

"ఈడ్నే అల్లుడా. లేకుంటే ఆ రాయి అవతల. నాకు సరిగ్గ యాదికొస్తలేదు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మగ్గం మీద అప్పుడే దిగిన తువ్వాలల చుట్టుకొచ్చిన. మెత్తగ ఉండె. గది యాదికున్నది."

రెండు చోట్లా మట్టి ముట్టుకున్నాను. ఆయన నా పక్కన కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు షెడ్ల మోతలో ఇద్దరం మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత నేను పదకొండేళ్లు కొలువు చేశాను. ఎడారిలో, కశ్మీర్‌లో కూడా ఉన్నాను. ఇప్పుడు షోలాపూర్‌లోనే హోట్గి రోడ్ వైపు ఉంటున్నాం. మా బిడ్డకు పిల్లలు. ఇక్కడివాళ్లు నన్ను యుద్ధం గురించి అడుగుతారు. బాంబులు చూశావా, శత్రువును చూశావా అని. చూసినవి చెప్తాను. కింది ఆసుపత్రికి పోయి ఉంటే ఏమయ్యేదన్నది మాత్రం మేమిద్దరం ఒకరినొకరం ఎన్నడూ అడగలేదు. ఒక్కసారి, బిడ్డ బడికి పోతున్న రోజుల్లో, బట్టలు మడత పెడుతూ సులోచన తనంతట తానే అంది. "ఆని చెవులు నీ లెక్కనే ఉండె." అంతే. తర్వాతి చీర మడత పెట్టింది.

కానీ నన్ను వదలనిది ఆ మధ్యాహ్నమే. బాబును పూడ్చిన నేల నుంచి మామతో తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, లోపలి గదిలోకి వెళ్లాను. పై చూరు సందులోంచి ఎండ పడుతోంది. సులోచన చాప మీద వెల్లకిలా నిద్రపోతోంది. ఎడమ చేతి మీద పాప, పిడికిలి బిగించి పడుకుంది. కుడి చేయి కూడా అలాగే చాచి ఉంది. మోచేయి కొంచెం వంచి, అరచేయి లోపలికి తిప్పి, బరువు మోస్తున్నట్టే ఉంది. అక్కడ ఎవరూ లేరు. గదిలో కూర్చోవడానికి మిగిలిన చోటు అదొక్కటే. నేను బూట్లు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఆమె లేచేదాకా.