పోలీసులు మంచోడన్న మనిషి

బస్సు దిగే ప్రతి మనిషికీ సామేలు ఒక మాట చెప్పేవాడు: "పైలం". జాగ్రత్త అని చెప్పడం. ముసలామె దిగినా, మేకపిల్లను చంకన పెట్టుకున్న పిల్ల దిగినా, టికెట్ ఎగ్గొట్టబోయి దొరికిపోయిన పెద్దమనిషి దిగినా అదే మాట. జనం అతన్ని పైలం కండక్టరనే పిలిచేవారు. "పైలం కండక్టర్ బండి అచ్చిందా?" అని ఎవరైనా అడిగితే, జగిత్యాల నుంచి ఒర్రెపల్లికి పోయే మధ్యాహ్నం బస్సు గురించి అడుగుతున్నారన్నమాట.

ఆ రోజుల్లో ఆ మాటకు చాలా పని ఉండేది. గుట్టల్లో అన్నలు, రోడ్ల మీద పోలీసులు. అన్నలంటే నక్సలైట్లని ఆ జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకరొచ్చి "వాళ్లకు అన్నం పెట్టినవా?" అని అడిగేవారు. వాళ్లు పోయాక ఇంకొకరొచ్చి "వాళ్లకేం చెప్పినవ్?" అని అడిగేవారు. ఇద్దరికీ జవాబు చెప్పి బతకడం ఒక విద్య. సామేలు ఆ విద్యను తనకు చేతనైనట్టు నేర్చుకున్నాడు. ఎక్కినవాళ్ల మొహం చూడడు, చూసినా గుర్తుపెట్టుకోడు. టికెట్, చిల్లర, పైలం. అంతకు మించి అతని బస్సులో ఏ ముచ్చటా లేదు.

సొంతూరు ముస్తాబాద్. ఉద్యోగం మొదట సిరిసిల్ల డిపోలో, తర్వాత కోరుట్లలో, చివరికి జగిత్యాలలో. భార్య కళావతి నర్సు. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, ముందు కువైట్ పోయి, అక్కడి నుంచి కెనడా చేరింది. మొగుళ్లు గల్ఫ్ పోతే పెళ్లాలు ఎదురుచూసే ఊళ్లలో, పెళ్లాం పోతే మొగుడు ఎదురుచూడటం పెద్ద వింత. "ఏంది సామేలూ, చీరె పంపిందా నీకు?" అని డిపోలో ఆట పట్టించేవారు. "పంపింది, మీ ఇంట్ల ఇచ్చి రావాల్నా?" అని అతనూ నవ్వేవాడు. ఇంటికొచ్చి ఒక్కడి కోసం పొయ్యి వెలిగించేటప్పుడు మాత్రం ఆ నవ్వు ఎటు పోయేదో! ఆమెను చూసి నాలుగేళ్లయింది.

మొగుణ్ని తన దగ్గరికి రప్పించుకోవడానికి కళావతి అక్కడ అర్జీ పెట్టింది. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. అతను ఉద్యోగం చేసిన ఊళ్లన్నిటి పోలీసులు అతను మంచివాడని చెప్పాలి. మూడు ఠాణాల నుంచి రిపోర్టులు కరీంనగర్ పోతే, అక్కడి పెద్దాఫీసు ఒక కాగితం ఇస్తుంది. అది నెలాఖరులోగా ఢిల్లీలో కెనడా వాళ్ల ఆఫీసుకు చేరకపోతే అర్జీ కొట్టేస్తారు. బస్టాండు పక్క ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి ఈ సంగతి చెప్తూ కళావతి ఏడ్చింది. "గీసారి తప్పితే మళ్ల ఎన్నేండ్లో. నాకిగ ఓపిక లేదయ్యా" అంది. ఆమె నోట ఓపిక లేదన్న మాట అతను ఎన్నడూ వినలేదు. ఆ మాట అతన్ని భయపెట్టింది.

కెనడా వాళ్లకేం, అడగడం సులువే. ఆ కాలంలో మామూలు మనిషి ఠాణా మెట్లెక్కాడంటే జనం దృష్టిలో రెండే కారణాలు: తన్నులు తినడానికి, లేదా ఏదో చెప్పడానికి. తన్నులు తిని వస్తే ఊరు జాలిపడేది. నలగని చొక్కాతో తిరిగొస్తే ఊరు ఆలోచనలో పడేది. ఆ ఆలోచన ఎక్కడిదాకా పోతుందో అందరికీ తెలుసు. ఇన్‌ఫార్మరన్న పేరు పడ్డవాళ్లు ఎక్కడో పొలం గట్ల మీద శవాలై దొరికేవారు.

సిరిసిల్ల, కోరుట్ల ఎలాగో గడిచాయి. ఒకచోట గేటు దగ్గరే చాలాసేపు నిలబెట్టారు, ఇంకోచోట నలుగురూ వినేట్టు కసిరారు. సామేలు లోలోపల సంతోషించాడు. పోలీసులు కసిరిన మనిషిని ఎవరూ అనుమానించరు కదా.

జగిత్యాలలో కథ తిరగబడింది. అక్కడి ఎస్సై కొత్తగా వచ్చిన మనిషి, గోదావరి జిల్లావాడు, మర్యాదస్తుడు. "రండి సామేలు గారూ, కూర్చోండి" అన్నాడు. సామేలును అప్పటిదాకా ఏ యూనిఫాం మనిషీ గారూ అనలేదు. టీ తెప్పించాడు. తన చెల్లెలు కూడా నర్సేనని, కెనడాకు ఎలా పోవాలో కనుక్కోవాలని, ఆ ప్రశ్నా ఈ ప్రశ్నా వేస్తూ గంట కూర్చోబెట్టాడు. రిపోర్టు అప్పటికప్పుడే రాశాడు. ఇంతలో వాన పట్టుకుంది.

"నేనూ అటే వెళ్తున్నాను. ఎక్కండి, బస్టాండులో దింపేస్తాను."

"వద్దు సార్."

"భలేవారే, తడిసిపోతారు."

"అలవాటే సార్, వద్దు."

"ఎక్కండి సామేలు గారూ!"

మూడోసారి వద్దనడానికి అతనికి నోరు రాలేదు. జీపు తిన్నగా బస్టాండులోకి పోయి, వాన కోసం చూరు కింద నిలబడ్డ జనం ముందు ఆగింది. ఎస్సై కూడా దిగాడు. సామేలు భుజం మీద చెయ్యి వేసి, వాన చప్పుడులో వినబడాలని గట్టిగా అన్నాడు: "మీ పని నేను చూసుకుంటాను. మీరేం భయపడకండి, నేనున్నాను."

ఆ చూరు కింద మల్లక్క ఉంది. పొద్దున కూరగాయల గంపతో ఒర్రెపల్లి నుంచి వచ్చి, అమ్ముకుని, మధ్యాహ్నం సామేలు బస్సులోనే తిరిగిపోయే మనిషి. ఆమె జీపును చూసింది, భుజం మీద చేతిని చూసింది, మొహం తిప్పుకుంది.

ఆ వారంలోనే ఒర్రెపల్లి పొలిమేరలో కాల్పులు జరిగాయి. ఇద్దరు అన్నలు చనిపోయారు. ఒకడు మల్లక్క తమ్ముడి కొడుకు.

మరునాటి నుంచి బస్సులో మాటలు ఆగిపోయాయి. జనం చిల్లర సరిగ్గా లెక్కపెట్టి, సామేలు చెయ్యి తగలకుండా వేళ్ల చివరలతో ఇచ్చేవారు. మల్లక్క ఎప్పుడూ అతని సీటు కింద పెట్టే ఖాళీ గంపను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. దిగేటప్పుడు అతను పైలం అంటే, అంతకుముందు "నువ్వు గూడ" అనే జనం ఇప్పుడు వినబడనట్టు పోయేవారు. తన మాట తన చెవికే బెదిరింపులా వినబడటం మొదలైంది. ఒక రోజు అనడం మానేశాడు. అది ఇంకా భయంగా తోచి మళ్లీ అన్నాడు.

డ్రైవర్ రాజలింగం చాలాకాలంగా అతనితో కలిసి బండి నడిపినవాడు. డిపోలో పక్కకు పిలిచాడు.

"గా జీపు ఎందుకెక్కినవ్‌రా?"

"వద్దంటే ఇనలే లింగన్నా. నా పెండ్లాం కాయిదం కోసం పోయిన, గంతే."

"నాకు ఎర్కేరా. నేనూ నలుగురికి చెప్పిన. కెనడా ఏడున్నదో ఒర్రెపల్లోళ్లకు ఎర్కనా? ఠాణా ఏడున్నదో ఎర్క." నేల చూస్తూ అన్నాడు. "రూటు మార్చుమని అడుగు."

"మార్పిచ్చుకుంటే తప్పు చేసినోని లెక్క గాదా?"

రాజలింగం బండి వైపు నడిచాడు.

కాగితం వచ్చింది. కరీంనగర్ పోయి తీసుకుని, దారిలో బస్సులో పక్కవాళ్లు చూస్తుండగానే నాలుగుసార్లు చదువుకున్నాడు. ఇంగ్లీషులో ఉంది, ముద్ర ఉంది. ఈ మనిషి మీద ఏ కేసూ లేదు, నడవడిక మంచిది అని ఉంది. ఒక్క రోజు డ్యూటీ, తెల్లవారి సెలవు, హైదరాబాద్ పోయి ఢిల్లీకి పంపేయడమే. చొక్కా జేబులో పెట్టుకుని మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాడు. కళావతి చెయ్యి పట్టుకున్నట్టే ఉంది అతనికి.

ఒర్రెపల్లిలో బస్సు ఆగేసరికి ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. భుజాల మీద తువ్వాళ్లు, తువ్వాళ్ల కింద ఏముందో అందరికీ తెలుసు. ఎండ ఫెళ్లున కాస్తోంది. దిగినవాళ్లు ఇళ్లకు పోకుండా అక్కడే నిలబడిపోయారు. రాజలింగం స్టీరింగ్ మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

"సామేలూ, దిగు" అన్నాడు అందులో పెద్దవాడు. గొంతు పెద్దది చేయలేదు. "నీ దగ్గర పోలీసోళ్ల కాయిదం ఉన్నదట. తే."

సామేలు జేబులోంచి తీసిచ్చాడు. ఆ మనిషి ఇంగ్లీషు చదవగలిగినవాడు. రెండుసార్లు చదివి, ఊరందరికీ తెలుగులో చెప్పాడు. తర్వాత సామేలును ఎగాదిగా చూశాడు.

"గీ తాలూకాల పోలీసోళ్ల తోని దెబ్బలు తినని ఇల్లు లేదు. గసోంటి పోలీసోళ్లకు నువ్వు గింత మంచోనివి ఎట్లయినవ్?"

"ఏం జెయ్యకనే అయిన" అన్నాడు సామేలు. అది నిజం. అక్కడ నిలబడ్డవాళ్లలో ఒక్కరికీ అది నమ్మే మాటలా అనిపించలేదు, చెప్పిన అతనికి కూడా.

అప్పుడు మల్లక్క గంప కింద పడేసి ముందుకొచ్చింది. తమ్ముడి కొడుకును మట్టిలో పెట్టి ఇంకా నెల కాలేదు. అందరూ ఆమెకే దారి ఇచ్చారు.

"గీడేం జెప్తడయ్యా? గీనికి ముకాలే గుర్తుండయి. పొద్దుగాల టికెట్ ఇచ్చిన మనిషికి పైటాల్ల ఏ ఊరని అడుగుతడు. నాకే ఒక్కపారి రెండు టికెట్లు కొట్టిండు. పెండ్లాం మీద పానంతోని ఠాణాకు పోయిండు, ఎడ్డోడు." ఆమె ఏడుస్తూనే తిట్టింది. "మా పోరడు ఎట్లనన్న పోయిండు. గీన్ని సంపితే అస్తడా?"

ఆ ముగ్గురూ పక్కకు పోయి మాట్లాడుకున్నారు. పెద్దవాడు తిరిగొచ్చి కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"మల్లక్క మాట మీద ఇడుస్తున్నం. కాయిదం మాత్రం ఇయ్యం. ఇంకోటి కావాల్నని మళ్ల గా ఠాణా మెట్లెక్కినవంటే, గప్పుడు అడుగుడు ఉండది."

మర్నాడు సామేలు కరీంనగర్ పోయి అడిగాడు. కొత్త కాగితం కావాలంటే ఠాణా నుంచి రిపోర్టు మళ్లీ రావాలన్నారు. నెలాఖరుకు ఇంకా టైముంది. జగిత్యాలలో దిగి, కాళ్లు తీసుకుపోయినట్టు పోయాడు. ఠాణా ఎదురుగా రోడ్డుకు ఇవతల, టీ కొట్టు పక్కన ఆగాడు. దాటితే కళావతి. దాటకపోతే ప్రాణం. ఎంతసేపు నిలబడ్డాడో టీ కొట్టులో కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు.

వరండాలోంచి ఎస్సై చూశాడు. మొహం విప్పారింది.

"సామేలు గారూ! కాగితం అందిందా? రండి రండి, టీ తాగి వెళ్దురు గాని!"

టీ కొట్టులో గ్లాసుల చప్పుడు ఆగింది.

"నువ్వెవరో నాకు తెల్వది!" అన్నాడు సామేలు, రోడ్డంతా వినబడేట్టు.

ఎస్సై నవ్వబోయి ఆగిపోయాడు. "అదేంటండీ, నేను..."

"నిన్ను నేనెన్నడు సూడలే!"

వెనుదిరిగి డిపో వైపు నడిచాడు. ఆ మంచి మనిషిని అంత మాట అన్నందుకు కాదు అతను ఏడ్చింది. నడిరోడ్డు మీద తాను ఎరుగనన్నది కళావతిని అని అతనికి తెలుసు.

ఆ వార్త అతని కంటే ముందే ఒర్రెపల్లి చేరింది. మరునాటి మధ్యాహ్నం బస్సులో మల్లక్క గంపను అతని సీటు కిందికి తోసింది. దిగేవాళ్లు "నువ్వు గూడ పైలం" అన్నారు, ఎప్పటిలాగే.

నెలాఖరున బూత్‌లో ఫోన్ మోగింది. "కాయిదం పంపినవా అయ్యా?" అని అడిగింది కళావతి. బూత్ మనిషి పేపరు చదువుతున్నట్టు కూర్చుని ఇటే చెవి పెట్టాడు. అవతల ఆమె పిలుస్తూనే ఉంది. చెప్పాలనుకున్నది ఏదీ అక్కడ చెప్పేది కాదు.

"పైలం కళా" అని ఫోన్ పెట్టేశాడు.