గ్లౌజు తీసిన చెయ్యి

మేము కొండ మీది సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మంచు పడటం ఆగింది, గాలి ఆగలేదు. చివరి ఎత్తు ఒకరి నడుముకు ఒకరం తాడు కట్టుకుని ఎక్కాం. పోస్టు అంటే రాళ్ళు పేర్చి, రేకులు కప్పి, పైన ఇసుక బస్తాలు వేసిన మూడు బంకర్లు. లోపల కిరోసిన్ స్టవ్ ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. ఆ మసికి అందరి ముక్కులూ నల్లబడి ఉండేవి. మాకు ముందున్న దళం సామాను అప్పగించి, మేము పెట్టిన టీ కూడా తాగకుండా దిగిపోయింది.

నేను ఆయుధాల శిక్షకుణ్ణి. సైన్యంలో మమ్మల్ని ఉస్తాద్ అంటారు. ఆ పోస్టులో తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండోవాడు రేడియో మోసే లింగస్వామి. మా నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్‌బీనగర్‌లో స్థిరపడ్డాడు. లింగస్వామి వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె. తండ్రి పోయాక తల్లి ఇద్దరు కొడుకులతో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, కోచింగ్ పిల్లల హాస్టల్లో వంట చేస్తూ వాళ్ళను పెంచింది. మా ఇళ్ళ మధ్య దూరం షేర్ ఆటోలో పావుగంట. కలుసుకున్నది మాత్రం ఆ కొండ మీద.

నా మాట తీరు అతనికి పెద్ద వినోదం. నేను "ఏంటి, ఎలా ఉంది" అంటే, "రేడియోల వార్తలు సదివినట్టు మాట్లాడ్తవేందన్నా" అనేవాడు.

రేడియో సెట్టు బరువు. అందుకని గస్తీకి వెళ్ళేటప్పుడు అతనికి రైఫిల్ బదులు పిస్తోలు ఇచ్చేవారు. చెయ్యి చిన్నది, స్థిరంగా ఉండేది. కింద బేస్‌లో ఫైరింగ్ పరీక్ష పెట్టినప్పుడు అతని గుండ్లన్నీ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. కంపెనీ కమాండర్ ఆ టార్గెట్ కాగితం చూసి, శీతాకాలం గడవగానే ఇతన్ని శిక్షకుల కోర్సుకు పంపుదామన్నాడు. ఆ మాట లింగస్వామి మనసులో నాటుకుంది. ఉస్తాద్ అయితే జీతం పెరుగుతుంది, తల్లి వంటపని మానుతుంది. అతని లెక్క అదే.

అయితే బేస్‌లో కాల్చింది ఉత్త చేత్తో. పైన అలా కుదరదు. పైన మూడు గ్లౌజులు. బయట దళసరిది, మధ్యలో ఉన్నిది, లోపల చర్మానికి అంటుకుని పల్చటిది. కాల్చేటప్పుడు పై రెండూ తీయవచ్చు. పల్చటిది మాత్రం తీయకూడదు. ఆ చలిలో ఇనుము చర్మాన్ని పట్టుకుని వదలదు.

పల్చటి గ్లౌజుతో మొదటిసారి కాల్చినప్పుడు అతని గుండ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. ముఖం మాడ్చుకుని వచ్చాడు. గ్లౌజు వేసుకుంటే చెయ్యి పరాయిదైపోతోందన్నాడు.

ఇప్పుడు ఎల్‌బీనగర్ పార్కులో నాతో నడిచే మిత్రులు కూడా ఇదే అడుగుతుంటారు. పిస్తోలు చేతిలో హాయిగా ఇమిడితేనే గురి కుదురుతుందా అని. కుదరాల్సినవి కొన్ని ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వంపు పిడి వెనక పూర్తిగా ఆనాలి. చూపుడువేలు ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కి లాగగలగాలి. వేలు అందకపోతే మనిషి తనకు తెలియకుండానే పిస్తోలును చేతిలో కాస్త తిప్పుతాడు, గుండు పక్కకు పోతుంది. అంతవరకు కొలత ముఖ్యం. ఆ తర్వాత హాయి అనేది వట్టి అలవాటు. ప్రతిసారీ ఒకే తీరుగా పట్టుకునేవాడికి, చెయ్యి ఇబ్బంది పడినా గుండు చెప్పినచోటికే పోతుంది.

లింగస్వామి వేలు గ్లౌజుతో కూడా ట్రిగ్గర్‌కు బాగానే అందేది. నేను చూశాను. కావలసింది సాధన. బంకర్లో రోజూ భోజనం తర్వాత ఖాళీ పిస్తోలు ఇచ్చి, దాని మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కించేవాణ్ణి. మొదట్లో బిళ్ళ టంగున రాళ్ళ మీద పడేది. వంటవాడు దాన్ని ఏరుకుని, సాయంత్రానికి మిఠాయి కొనుక్కుంటానని ఏడిపించేవాడు. కొన్ని వారాలకు బిళ్ళ పడటం మానింది. వాతావరణం తెరిపిచ్చిన ఒక ఉదయం పోస్టు వెనక లోయలో టార్గెట్ పెట్టి గ్లౌజుతో కాల్పించాను. బేస్‌లో పడినట్టే ఒక్కచోట పడ్డాయి.

అతను ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"గుండ్లు మంచిగనే పడ్డయన్నా. గని నాకే మంచిగనిపిస్తలేదు."

"నీకు ఎలా అనిపిస్తే ఏంటి? కాగితం చూడు."

"కాగితం నిజమే. చెయ్యి ఒప్పుకుంటలేదు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఎనిమిదికి అతను, మరో నలుగురు గస్తీకి బయలుదేరారు. నేను పోస్టులోనే రేడియో దగ్గర ఉన్నాను. పదింటికి పొగమంచు దిగింది. ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. పదిన్నరకు లింగస్వామి గొంతు వచ్చింది. కింది వాలులో ఏదో కదిలిందన్నాడు. కంపెనీ కమాండర్ ఆదేశం నేనే అందించాను. రాళ్ళ చాటున ఉండండి, కాల్చవద్దు, కదలవద్దు, పొగమంచు తేలేదాకా ఆగండి.

పొగమంచు మూడింటికి గానీ తేలలేదు. కింద ఎవరూ లేరు. అడవి మేకల అడుగులు కనిపించాయట. ఒక్క గుండూ పేలలేదు.

సాయంత్రం వెనక్కి వచ్చినప్పుడు లింగస్వామి నడుస్తూనే వచ్చాడు. కుడి చెయ్యి కోటు లోపల దాచుకున్నాడు. మా వైద్య సహాయకుడు ఆ చెయ్యి బయటికి తీయించాడు. మూడు వేళ్ళు మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. పల్చటి గ్లౌజు అతని జేబులో పొడిగా, మడతపెట్టి ఉంది. రాళ్ళ చాటున ఉన్నంతసేపూ, కాల్చాల్సి వస్తే గురి తప్పకూడదని, ఉత్త చేత్తో పిస్తోలు పట్టుకుని కూర్చున్నాడు. మొదట మంట పుట్టిందట. తర్వాత ఏమీ తెలియలేదట. తెలియకపోవడంతో చెయ్యి కుదురుకుంది అనుకున్నాడు.

"నొప్పి లేదన్నా," అన్నాడు.

వైద్య సహాయకుడు నా వైపు చూసి తల వంచుకున్నాడు. గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి పెట్టించాం. వేడి తగిలాక నొప్పి వచ్చింది. ఇంత గొంతు పెట్టి అరిచే మనిషని అప్పటిదాకా మాకు తెలియదు. గాలి వల్ల హెలికాప్టర్ రెండు రోజులు రాలేదు. వచ్చేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు తీసేశారని తర్వాత రేడియోలోనే తెలిసింది. ఆ కబురు చెప్పినవాడికి మా ఊరి సంబంధం తెలియదు. వాతావరణం చెప్పినట్టు చెప్పి, తర్వాతి సమాచారానికి పోయాడు.

మే నెలలో నేను దిగివచ్చాను. సికింద్రాబాద్ స్టేషన్లో ఎండ మొహాన కొట్టింది. ఇంటికి చేరిన మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. లింగస్వామి లేడు, పెన్షన్ కాగితాల పని మీద పోయాడు. తల్లి కుర్చీ వేసింది, ఫ్యాను నా వైపు తిప్పింది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నేను లేవబోతుంటే అడిగింది.

"గ్లౌజులు ఇచ్చిండ్రంట గద సారూ. మల్ల ఎందుకు తీసిండు?"

"తీస్తే గురి బాగా కుదురుతుందనుకున్నాడమ్మా."

"కుదురుతదా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎంతోమంది అడిగిన ప్రశ్న. జవాబు కోసం ఎప్పుడూ తడుముకోలేదు. ఆమె కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. అబద్ధం చెబితే ఆమెకు కాస్త ఊరట. కానీ కొడుకు టార్గెట్ కాగితం నేను చూశాను.

"లేదమ్మా. గ్లౌజుతో కూడా అంతే బాగా కాల్చేవాడు."

ఆమె తల ఊపింది. నా ముందున్న ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

మరుసటి ఏడు అతని తమ్ముడి పెళ్ళి ఎల్‌బీనగర్ ఫంక్షన్ హాల్లో జరిగింది. భోజనాల బల్ల దగ్గర నేను లింగస్వామికి ఎదురుగా కూర్చున్నాను. వడ్డించేవాడు అతని చెయ్యి చూసి, మెల్లగా ఒక చెంచా తెచ్చి విస్తరి పక్కన పెట్టాడు. లింగస్వామి దాన్ని తీసి పక్కవాళ్ళ పెరుగు కప్పులో వేశాడు. బొటనవేలు, చిటికెనవేలు దగ్గరికి తెచ్చి పప్పన్నం కలిపి ముద్ద ఎత్తాడు. సగం దూరంలో జారి పడింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడింది. చుట్టూ అందరూ తమ విస్తళ్ళలోకి చూస్తున్నారు. అతను ఎవరినీ చూడలేదు. చెయ్యి కొద్దిగా పక్కకు తిప్పి, ముద్దను ఆ రెండు వేళ్ళ మధ్య కుదుర్చుకుని, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా పైకెత్తాడు.