పెన్‌డ్రైవ్‌లో పోయిన కొలతలు

పూర్ణా మార్కెట్ వెనక సందులో మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టే టైలరు భాయ్‌ని నేనే ముంచాను. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరితోనూ అనలేదు.

ఆయన ఒకసారి కొలిచాడంటే మళ్ళీ దుకాణానికి వెళ్ళక్కర్లేదు. గుడ్డ పంపి ఫోన్ చేస్తే చాలు. ఓడల మీద పనిచేసేవాళ్ళు, స్టీలుప్లాంటు షిఫ్టులవాళ్ళు అందుకే ఆయన్ని వదల్లేదు. కొలతలతో పాటు ఎవరి భుజం వాలి ఉంటుందో, ఎవరికి కాలరు బిగిస్తే కోపమొస్తుందో కూడా ఆయన పుస్తకాల్లో ఉండేది. వాటికి చెద పడుతుంటే నాకు ఉత్సాహం పుట్టుకొచ్చింది. పరవాడ ఫ్యాక్టరీలో నాది కంప్యూటర్ల పని, సాఫ్ట్‌వేర్ రాసిపెడతానన్నాను.

భాయ్‌కి కంప్యూటర్ లేదు. పక్క జిరాక్స్ షాపులో ఉంది గానీ, వైరస్ భయంతో ఆ షాపాయన ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వడు. అందుకని ప్రోగ్రామూ డేటాబేసూ ఒకే ఫోల్డరులో పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. గుచ్చి డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. "ఇన్‌స్టాల్ గొడవే లేదు భాయ్, ఎక్కడెట్టినా నడిసేత్తాది" అని ఎంత గొప్పలు పోయానో! ఆదివారాలు ఆ షాపులోనే కూర్చుని పుస్తకాలన్నీ టైపు చేసింది నేనే. అయ్యాక, "ఈ సెత్త ఇంకెందుకు భాయ్" అని వాటిని పాతపేపర్లవాడికి ఇప్పించేసిందీ నేనే.

నిజంగానే ఎక్కడ పెట్టినా నడిచింది. పెన్‌డ్రైవ్ నిదానంగా ఉందని జిరాక్స్ షాపాయన ఫోల్డరుని తన కంప్యూటర్లోకి కాపీ చేశాడు. అక్కడా చక్కగా తెరుచుకుంది. ఇంక ఇదెందుకని, భాయ్ అక్కడే ఉంచిన పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, కారులో వినడానికి పాటలు నింపుకున్నాడు. కొన్నాళ్ళకి కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్ వచ్చి ఫార్మాట్ కొట్టేశాడు.

భాయ్ ఫోన్ చేశాడు. గొంతులో కంగారేమీ లేదు.

"కంప్యూటర్లో అన్నీ పోనాయంట బేటా. పర్లేదులే, నీకాడ ఉంటాయి కదా?"

నా దగ్గర లేవు. ఒక్కటంటే ఒక్క కాపీ ఇంట్లో పెట్టుకోవాలని తోచలేదు. అయిదు నిమిషాల పని. ఊళ్ళో అందరికీ బ్యాకప్ గురించి పాఠాలు చెప్పే పెద్దమనిషిని నేను! లేవని ఆయనకి చెప్పేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

వారం తరవాత మొహం చెల్లకపోయినా దుకాణానికి వెళ్ళాను. పెందుర్తి నుంచి ఒకావిడ గుడ్డ పట్టుకొచ్చి నిలబడి ఉంది. వాళ్ళ మామగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారట, ఎప్పట్లాగే కుట్టిపెట్టమంటోంది. భాయ్ ఆ గుడ్డ అందుకుని బల్ల మీద పెట్టాడు. తరవాత టేపు జేబులో పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఆ ముసలాయన్ని కొలవడానికి పెందుర్తి బయల్దేరాడు. బండి మీద దింపుతానని నేను తాళాలు తీశాను.

"వొద్దు బాబూ, నాను బస్సులో పోతాను. నువ్వెల్లి నీ పన్జూస్కో" అన్నాడు.

అంతకుముందెప్పుడూ ఆయన నన్ను బేటా అనడమే తప్ప బాబూ అని పిలవలేదు.