సింగపూర్ కూడా వేసుకోండి

బ్రిటిష్ సామ్రాజ్యం ఎలా కరిగిపోయిందని అడిగితే చరిత్ర చదువుకున్నవాళ్ళు బోలెడు కారణాలు చెబుతారు. వాళ్ళెవరికీ తెలియని కారణం ఇంకొకటుంది. అది నేను. వర్జీనియాలో ఒక క్లాస్‌రూమ్‌లో, మంగళవారం మధ్యాహ్నం, గంటన్నర తిరక్కుండా సామ్రాజ్యంలో సగాన్ని నా చేతులతో పంచిపెట్టేశాను. అది చాలదన్నట్టు, ఆ సెమిస్టర్ అంతా నేను ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఎదురుచూసిన దాన్ని కూడా పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నేనే ఈమధ్య నవ్వడం మొదలుపెట్టాను.

అసలు ఇదంతా విమానంలో మొదలైంది. ఎమ్మెస్ చదవడానికి హైదరాబాద్ నుంచి వస్తున్నప్పుడు అందరూ సినిమాలు చూస్తుంటే నేను సీటు ముందు స్క్రీన్‌లో మ్యాప్ చూస్తూ కూర్చున్నాను. చిన్న తెల్ల విమానం ఒక దేశం దాటి ఇంకో దేశం మీదకి పోతోంది. కిందవాళ్ళని అడిగారా? అడిగితే ఎవర్ని అడిగారు? వాళ్ళు వద్దంటే మనం చుట్టూ తిరిగి పోవాలా? పక్క సీటు పెద్దాయన్ని అడిగాను. "పడుకోమ్మా, దిగాక కనుక్కుందాం" అన్నాడు.

దిగాక నేను నిజంగానే కనుక్కున్నాను. చదివేది ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అయినా ఎలక్టివ్‌గా ఆకాశ మార్గాల చరిత్ర తీసుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి పెద్ద విమానాలు అమెరికా దగ్గరున్నాయి. అవి దారిలో దిగడానికి కావలసిన నేల చాలావరకు బ్రిటన్ చేతిలో ఉంది. ఇద్దరూ బెర్ముడా దీవిలో కూర్చుని వారాల తరబడి బేరమాడారు. మీ విమానం మా ఊళ్ళో దిగొచ్చా, దిగితే పెట్రోలు పోసుకుని పోవాలా, లేక మా జనాన్ని ఎక్కించుకుని ఇంకెక్కడో మూడో దేశంలో దింపొచ్చా? ఈ ఆఖరిదాని పేరు ఫిఫ్త్ ఫ్రీడమ్. అసలు గొడవంతా దాని మీదే. ఇదంతా చదువుతుంటే నాకు అన్నం సహించేది కాదు. ప్రతి క్లాసులో చెయ్యెత్తేదాన్ని. నా చెయ్యి కనిపిస్తే వెనక వరుసవాళ్ళు వాచీలు చూసుకునేవాళ్ళు.

మా ప్రొఫెసర్ పొడుగాటి ఆవిడ, మాట తక్కువ. ఒకరోజు చెప్పారు: "సమ్మర్‌లో నాతోపాటు వాషింగ్టన్ ఆర్కైవ్స్‌లో ఆనాటి ఒరిజినల్ కాగితాలు చదవడానికి ఒక అసిస్టెంట్ కావాలి. సెమిస్టర్ చివర్లో మీరంతా రెండు టీములుగా బెర్ముడా చర్చల్ని నాటకంలా మళ్ళీ ఆడతారు. బాగా చేసినవాళ్ళని ముందు చూస్తాను." ఆ కాగితాలు నా చేత్తో పట్టుకోవాలి, ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాను. నన్ను బ్రిటన్ టీమ్‌కి లీడర్‌ని చేశారు. ఏలూరు సుధ బ్రిటన్ తరఫున. అమెరికా టీమ్ లీడర్ నిఖిల్.

ఈ నిఖిల్ గురించి చెప్పాలి. ఇక్కడే వర్జీనియాలో, షాంటిలీ అనే ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. చర్చలకి రెండు రోజుల ముందు, ఆదివారం, వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళమ్మ పద్మ ఆంటీ పులిహోర చేశారు.

"ఇంకొంచెం వేసుకో సుధా."

"వద్దాంటీ, చాలు."

"ఏం తిన్నావని, కొంచెం."

"నిజంగా వద్దాంటీ."

"నా మాట విని ఈ ఒక్క గరిటె."

వేయించుకుని శుభ్రంగా తిన్నాను. నిఖిల్ నా ప్లేటు వంక, నా మొహం వంక చూస్తున్నాడు. "అక్కా, నువ్వు నో అన్నావు కదా. Why are you eating?"

నాలో టీచరమ్మ నిద్రలేచింది. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. "చూడు నిఖిల్, మొదటి వద్దు లెక్కలోకి రాదు. అది మర్యాద. రెండోది మొహమాటం. మూడోసారి కూడా వద్దంటేనే నిజంగా వద్దని. అలాగే వడ్డించేవాళ్ళు కూడా, ఎదుటివాళ్ళు వద్దన్నకొద్దీ వేస్తూనే ఉండాలి. ఒకసారి అడిగి ఊరుకుంటే వాళ్ళకి పెట్టడం ఇష్టంలేదని అర్థం."

"So three times," అన్నాడు నిఖిల్, ఫోన్ తీసి ఏదో టైప్ చేసుకుంటూ. వాళ్ళమ్మ దగ్గర మంచి పేరు కొట్టేయడానికి అనుకున్నాను. నా అంత తెలివైనది ఇంకెవరూ ఉండరు.

మంగళవారం వచ్చింది. బల్లకి అటు నిఖిల్ బృందం, ఇటు నేనూ, నా పక్కన మేగన్, టైలర్ అని ఇద్దరు క్లాస్‌మేట్స్. ఒప్పుకున్నవన్నీ రాసుకోవడానికి ప్రొఫెసర్ చివర్లో కూర్చున్నారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

నిఖిల్ మొదలుపెట్టాడు. "మీ విమానాలు న్యూయార్క్‌లో దిగొచ్చు. కావాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో కూడా తీసుకోండి."

మేగన్ కళ్ళు మెరిశాయి. మేము రాత్రింబవళ్ళు చదివి తయారైంది ఆ ఊరి కోసమే. నేను నవ్వి, "అయ్యో, ఎందుకండీ, న్యూయార్క్ చాలు" అన్నాను.

అని, ఆగాను. రెండోసారి అడగాలి కదా.

"డిక్లైన్డ్," అన్నాడు నిఖిల్ ప్రొఫెసర్ వైపు తిరిగి. ఆవిడ రాసుకున్నారు.

మేగన్ నా మోచేయి గిల్లింది. "సుధా, మనకి అది కావాలి."

"ఆగు, మళ్ళీ అడుగుతాడు," అన్నాను. వాడు అడగలేదు. సరే, మొహం పక్కకి తిప్పుకుని నా వంతు మొదలుపెట్టాను. "మీ విమానాలు లండన్‌లో దిగొచ్చు."

"థాంక్యూ. లండన్ మాకు చాలు," అంటూ నిఖిల్ ఒక పని చేశాడు. తన ముందున్న కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. విస్తట్లో వడ్డన ఆపడానికి పెడతామే, అచ్చం అలాగే. ఆ చెయ్యి చూడగానే నా బుర్ర ఏలూరు వెళ్ళిపోయింది. మా అమ్మ, మా పిన్నులు, మా మేనత్తలు అందరూ కలిసి నాలోకి దిగారు.

"అదేంటి, ఒక్క లండనేనా? సింగపూర్ కూడా వేసుకోండి."

"వద్దండీ, నిజంగా."

"మరీ మొహమాటపడుతున్నారు. హాంకాంగ్ అయినా తీసుకోండి."

"ఇప్పటికే ఎక్కువైంది," అన్నాడు ఆ దుర్మార్గుడు, పొట్ట నిమురుకుంటూ.

"కలకత్తా ఒక్కటి. నా మాట కాదనకండి."

టైలర్ నా చెవి దగ్గరకి వంగి, నెమ్మదిగా, జబ్బుమనిషితో మాట్లాడినట్టు అడిగాడు: "సుధా, మనం ఎవరి టీమ్?"

నాకు వినపడటంలేదు. నిఖిల్ కాగితాలు సర్దుకుని లేవబోతున్నాడు. ఇంటికొచ్చినవాళ్ళు లేచినప్పుడు మనం ఏం చేస్తాం? చేతిలో ఏదో ఒక డబ్బా పెట్టి పంపిస్తాం. నేనూ అదే చేశాను. "ఒట్టి చేతులతో వెళ్తారా? ఫిఫ్త్ ఫ్రీడమ్ తీసుకెళ్ళండి."

మేగన్ తల బల్ల మీద పెట్టుకుంది. ప్రొఫెసర్ కలం ఆపి కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "బ్రిటన్ పాత్రని ఇంత దయగా ఎవరూ ఆడలేదు," అన్నారు. నిఖిల్ మొహాన నవ్వు లేదు, పెదాలు బిగించి కిందకి చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆదివారం వాడు ఫోన్‌లో టైప్ చేసుకున్నదేంటో.

ఏడుపు మింగుకుని కారిడార్‌లో నడుస్తుంటే ప్రొఫెసర్ వెనకనుంచి పిలిచారు. ఇక్కడే అసలు ఘోరం ఉంది, జాగ్రత్తగా వినండి.

"సుధా, ఇవాళ్టి సంగతి పక్కన పెట్టు. ఈ క్లాసులో అందరికంటే మంచి ప్రశ్నలు అడిగింది నువ్వు. సమ్మర్‌లో ఆర్కైవ్స్‌కి నువ్వు రావాలనుకుంటున్నాను. వస్తావా?"

నా గుండె ఎగిరి సీలింగ్‌కి కొట్టుకుంది. నా నోరు మాత్రం దాని పని అది చేసింది. "అబ్బే, నాకెందుకు మేడమ్. గెలిచినవాళ్ళకి ఇవ్వండి."

"ఆర్ యూ ష్యూర్?"

అది రెండోసారి. హమ్మయ్య, ఈవిడకి మన పద్ధతి తెలుసు, ఇంకొక్కటి మిగిలింది అనుకున్నాను. "పర్లేదు మేడమ్, నిజంగా" అన్నాను వినయంగా.

ఆవిడ నా మాటకి గౌరవమిచ్చి, తలూపి, వెళ్ళిపోయారు. మూడోసారి కోసం నేను ఆ కారిడార్‌లో ఇరవై నిమిషాలు నిలబడ్డాను. మర్నాడు కూడా ఆవిడ ఆఫీస్ ముందునుంచి నాలుగుసార్లు నడిచాను. సీటు నిఖిల్‌కి ఇచ్చారు. ఆవిడ అడగడం పూర్తవకముందే యెస్ అన్నాడట.

ఆ జూన్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నామీద నేనే కసురుకుంటుంటే వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, I feel bad. ఇక్కడ ఆర్కైవ్స్‌లో ఎవరైనా రీడర్ కార్డ్ తీసుకుని ఆ పేపర్స్ చూడొచ్చు. Saturday నేను డ్రైవ్ చేస్తా. నువ్వు వస్తావా?"

"వద్దులే నిఖిల్, నీకెందుకు శ్రమ."

"Okay, one. వస్తావా?"

"నిజంగా పర్లేదు."

"Two." అని లెక్కపెట్టాడు. "అక్కా, మూడోసారి అడుగుతున్నా. వస్తావా?"

పద్మ ఆంటీ గరిటెని పక్కన పెడితే, అమెరికా వచ్చాక మూడోసారి అడిగిన మొదటి మనిషి వాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వస్తాను," అన్నాను.

శనివారం ఆ పాత కాగితాలు నా చేత్తో పట్టుకున్నాను. టైప్ కొట్టిన పేజీలు, పక్కన పెన్సిల్ గీతలు, ఒక్కో ఊరు కోసం రోజుల తరబడి తెగని వాదన. సాయంత్రం దాకా వెతికాను. ఒక్కచోట కూడా "అయ్యో, ఎందుకండీ" అన్నవాడు లేడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, పూర్తి స్పృహతో ప్రకటిస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏమిచ్చినా, సీటైనా, ఊరైనా, ఉద్యోగమైనా, మొదటి మాటకే ఇవ్వండి అంటాను. అడగనివాళ్ళకి సింగపూర్ ఇవ్వను. ఈ ప్రమాణం ఇప్పుడే, ఇక్కడే అమల్లోకి వస్తుంది. పద్మ ఆంటీ పులిహోరకి మాత్రం వర్తించదు. ఒకసారి అడగ్గానే వేసుకుంటే ఆవిడేమనుకుంటారు?