నేల మీదికి పితికిన పాలు

"నీకూ ఒక పొదుగుంటే తెలిసేదయ్యా ఎల్కానా, ఒక పూట పితక్కపోతే ఎలా ఉంటుందో!"

గిటెల్ ఆ మాట అనేసరికి ఊరి ఉమ్మడి భోజనశాలంతా ఘొల్లుమంది. వంటింటి గుమ్మంలో దుంపలు చెక్కుతున్న ఫ్రూమా కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది. జమాఖర్చులు చూసే ఎల్కానా ఒక్కడే నవ్వలేదు.

"పితకొద్దని నేనన్నానా? పని ముట్టకూడని సబ్బాతునాడు మనం పితికితే ఆ పాలు వాడుకోకూడదు, నేలపాలే. పక్క ఊరి మనిషిని పెట్టుకుందాం. అతనిది మన మతం కాదు, ఆ అడ్డూ లేదు. అతనికి కూలి, మనకి పాలు."

"ఆరు రోజులు మన చెమటే మన తిండి అని పాటలు పాడి, ఏడోరోజు బరువు అతని నడుం మీద పెడతావా?"

"పిల్లలకేం పోస్తావ్? నీ మాటలా?"

"శుక్రవారం పాలు దాచి పోస్తా. చాలకపోతే నా గ్లాసు కూడా తీసుకో. సబ్బాతుకి నేనే పితుకుతా, నేల మీదికే పితుకుతా. నడుం నాది, నీకెక్కడ నొప్పి?"

చేతులెత్తమన్నారు. గిటెల్ వైపే ఎక్కువ లేచాయి.

ఓడల్లో వలస వచ్చిన ఆ యూదులు బేత్ షెఆన్ లోయలో రాళ్ళేరి, అందరూ కలిసి పొలం చేస్తున్న రోజులవి. మనుషులింకా గుడారాల్లో ఉండగానే ఆవులకి కప్పు వేశారు. పోలండ్‌లో టోపీలు కుట్టే ఇంట పుట్టిన గిటెల్, ఓడ దిగేదాకా ఆవు తోకైనా పట్టుకున్న మనిషి కాదు. అదే ఓడలో వచ్చిన ఫ్రూమాకి ఆ సంగతి బాగా తెలుసు. అలాంటిది, రెండేళ్ళు తిరక్కుండా గిటెల్ కొట్టంలోకి అడుగుపెడితే ఆవులు నెమరు ఆపి తల తిప్పేవి.

ఒక ఏడు వడగాలికి బార్లీ నిలువునా మాడిపోయింది. పట్నం వెళ్ళే పాలబండే ఊరందరికీ అన్నం పెట్టింది. ఆ ఏడు కూడా సబ్బాతు పాలు కాలువలోకే పోయాయి. లోయలోని పిల్లులన్నీ ఆ పొద్దుకి కొట్టం ముందు పెళ్ళివారిలా దిగేవి.

ఆదివారం జున్ను పలచబడితే ఫ్రూమా ఊరుకునేది కాదు. "నీ భక్తికి మా రొట్టె ఎండిపోతోందే!"

"నీ నోట్లో పెట్టుకో, నానుతుంది."

అదే ఫ్రూమా, బయటి ఊళ్ళ నుంచి చుట్టాలొస్తే, "మా గిటెల్ లాంటిదాన్ని మీ ఊళ్ళో చూపించండి" అని గొప్పలు పోయేది.

ఏళ్ళు గడిచాయి. గిటెల్ వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయి, ఇక పితకడానికి వంగలేదు. సబ్బాతు పూట ఆవిడ పీట మీద కూర్చోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. తల నెరిసిన ఎల్కానా కూలిమనిషి మాట మళ్ళీ సభకి తెస్తున్నాడని విని, ఫ్రూమా ఎప్రన్‌తోనే గిటెల్ గదికి పరిగెత్తింది.

"సభలో వాడి నోరు నేను మూయిస్తా, చూస్తూ ఉండు."

గిటెల్ మంచం మీద లేచి కూర్చుంది. "మాటతో ఒకసారి గెలిచాం కదే. పీట ఖాళీగా ఉంటే ఈసారి వాడిదే న్యాయం. నీ నోరొద్దు, నాకు చేతులు కావాలి."

"నేనా? నాకు ఆవంటే భయమే!"

"నాకూ భయమే ఉండేది. ఈ సబ్బాతు తెల్లారగట్ల పాత చెప్పులేసుకుని రా. మన కొఖావా ఆవు పక్కన కూర్చో, అది తన్నదు. పిల్లులకి పోద్దామని మాత్రం పితక్కు, అదీ వాడుకున్నట్టే; నేల మీదికే పితుకు. పిల్లులు వాటంతటవే వస్తాయి."