ఊకెనే బీదర్ పోయినం

ఆ రోజుల్లో నాకు విశ్రాంతి అనే మాట మీద విపరీతమైన నమ్మకం ఉండేది. అది మన ఊళ్లో దొరకదని, బండి మాట్లాడుకుని వేరే ఊరికి పోతే దొరుకుతుందని గట్టిగా అనుకునేదాన్ని. నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా కొత్తగా చేరాను. ఇంట్లో అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న కూతురు, ఇంకా చంక దిగని కొడుకు, మోకాళ్లు పట్టేసిన అత్తమ్మ, ఎక్కడికి బయల్దేరినా ముందుగా అక్కడ బాత్రూం ఉందా లేదా అని విచారించే మామ, వీళ్లందరి మధ్యా ప్రశాంతంగా సెల్‌ఫోన్ చూసుకునే మా ఆయన. పొద్దంతా బడిలో ఎక్కాలు చెప్పించి, ఇంటికొచ్చి జొన్నరొట్టెలు కొట్టి, పిల్లలను పడుకోబెట్టేసరికి నేనెవరో నాకే గుర్తుండేది కాదు.

అట్లాంటి ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతూ అత్తమ్మ ఒక మాట అంది. మా దగ్గర జబ్బు కాస్త ముదిరితే బీదర్ దవాఖానకు పోవడం అలవాటు. అత్తమ్మ కూడా కాన్పులకు, మామ ఆపరేషన్‌కు, తన తల్లి చివరి రోజులకు బీదర్ పోయి వచ్చిన మనిషే. "పోయినప్పుడల్ల జీపులకెళ్లి కోట గోడ కనవడ్తది బిడ్డా. గా గోడ ఎనక ఏమున్నదో ఎన్నడు సూడలే. జల్దీ జల్దీ అని దవాఖానకే ఉరుకుడాయె" అని, ఆ మాటతో పాటే మామ పంచెను కూడా మడిచి పక్కన పెట్టేసింది. నాకు మాత్రం మడత పడలేదు. ఇన్నేళ్లుగా ఒక మనిషి ఒక ఊరికి పోతూ, ఆ ఊరిని చూడకుండా తిరిగి రావడమేమిటి? ఆ క్షణమే నిర్ణయించాను. వచ్చే రెండో శనివారం అందరం బీదర్ కోటకు పోతున్నాం, పొద్దంతా అక్కడే కూర్చుంటాం, ఏ పనీ చేయం.

ఏ పనీ చేయకుండా ఉండటానికి ఎంత పని ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆదివారం కుదరదు, చర్చి ఉంది. శనివారం నిదానంగా లేచి బయల్దేరదామంటే మామ ఒప్పుకోలేదు. "ఎండ పడ్డంక పోతె గదేం పోవుడు? కోడి కూయంగనే ఎల్లాలె" అన్నాడు. కొడుకు బండెక్కితే కక్కుతాడు కాబట్టి వాడు ఖాళీ కడుపుతో ఎక్కాలి. మామ ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోలేడు కాబట్టి ఆయన తిని ఎక్కాలి. హోటల్లో తిందామంటే అత్తమ్మకు నూనె పడదు. "రొట్టెలు నేను కొడ్త, నువ్వు వంకాయ కూర చెయ్యి" అంది. (నా విశ్రాంతిలోకి వంకాయ కూర అట్లా వచ్చి చేరింది.) అయినా నేను వెనక్కి తగ్గలేదు. విశ్రాంతి తీసుకుని తీరాలన్న పట్టుదలతో ఆ వారమంతా పరుగెత్తాను.

అసలు గొడవ బండి మాట్లాడినప్పుడు మొదలైంది. మా గల్లీలో అందరూ జీపు మామ అని పిలిచే ఒకాయన ఉండేవాడు. మా ఊరి రోగులను బీదర్ తీసుకుపోయి తీసుకురావడంలోనే ఆయన గడ్డం నెరిసింది. శనివారం బీదర్ పోవాలె, సాయంత్రం దాక ఉండాలె అని చెప్పాను. ఆయన బీదర్‌లో ఎక్కడికని అడగలేదు. "ఎవరికమ్మా?" అని అడిగాడు. "ఎవరికి కాదు మామా, ఊకెనే" అన్నాను. ఊకెనే అంటే మా వైపు ఏ కారణమూ లేకుండా అని. ఆయన కాసేపు నా ముఖం చూసి, గొంతు తగ్గించి, "సమజైందమ్మా. నేను ఎవ్వరికి చెప్ప" అన్నాడు.

ఎవ్వరికీ చెప్పని ఆ సంగతి సాయంత్రానికల్లా గల్లీ దాటింది. ముందుగా చివరింటి వదిన పాల ప్యాకెట్టు, బ్రెడ్డు పట్టుకుని వచ్చి, "పెద్దమ్మ మొకం గుంజుకపోయింది, నేను అప్పుడే అనుకున్న" అంది. మేం బీదర్ ఊకెనే పోతున్నామని చెప్తే, నా భుజం మీద చెయ్యి వేసి, "గట్లనే చెప్పాలె చెల్లె, ముసలామె ముంగట బయటపడొద్దు" అని మెచ్చుకుంది. మరునాడు అరటిపండ్లు వచ్చాయి. ఆ తర్వాత కొబ్బరిబొండాలు. చర్చి నుంచి అయ్యగారు వచ్చి, అత్తమ్మ తల మీద చెయ్యి పెట్టి, మనుషులకు తెలియనిది దేవునికి తెలుసునని చాలాసేపు ప్రార్థన చేసి, చాయ్ తాగి వెళ్లారు. కంగ్టి నుంచి మా ఆడబిడ్డ ఆటో దిగుతూనే ఏడుపు అందుకుంది. "మా అమ్మకు గింత పానం బాగలేకుంటె నాకెందుకు చెప్పలే? నేను పరాయిదాన్నైపోయిన్నా?" అని నన్ను నిలదీసింది. వచ్చేటప్పుడు ఎందుకైనా పనికొస్తుందని అత్తమ్మ మోకాలి పాత ఎక్స్‌రే ఒకటి వెతికి పట్టుకొచ్చింది. ఇంట్లో సంతోషంగా ఉన్నది నా కూతురొక్కతే. బ్రెడ్డు పాలల్లో ముంచుకుంటూ, "నానమ్మకు రోజు గిట్లనే కావాలె" అంది.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కానీ శుక్రవారం అత్తమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసినప్పుడు రెండూ పోయాయి. "నిజం చెప్పు బిడ్డా, నాకేమైంది?" అంది. ఏమీ కాలేదని, ఆమెకు కోట చూపించడానికే పోతున్నామని చెప్పాను. "నాకోసమా? ఊకెనే? గట్లెవరన్న బండి మాట్లాడుతరా? నా కోసం బండి మాట్లాడిండ్రంటె నాకేదో అయినట్టే" అంది. తన కోసం ఎవరైనా ఏదైనా చేశారంటే ఇక తనకు రోజులు దగ్గర పడ్డట్టేనని ఆమె లెక్క.

మా ఆయన అప్పుడు సెల్‌ఫోన్ పక్కన పెట్టాడు (అంటే పరిస్థితి చాలా తీవ్రంగా ఉందన్నమాట). "ఎందుకే గీ పరేషాన్? మోకాలు చూపియ్య పోతున్నమని చెప్పు, అందరు ఊకుంటరు. లేకుంటె బందు పెట్టు" అన్నాడు. అంతే, నాకు ఎక్కడో కాలింది. "ఎందుకు చెప్పాలె? ఈమె పుట్టినకాన్నుంచి ఎవరికో ఒకరికి బాగలేకుంటెనే బండెక్కింది. ఒక్కసారి తనకోసం ఎక్కితె గీ ఊరికి ఏం పోయింది? నేను అబద్ధం చెప్ప, బందు పెట్ట. అత్తమ్మకు ఏం కాలే, ఏం కాకముందే పోవాలె!" అని అరిచాను. గల్లీలోకి కూడా వినబడాలనే అరిచాను. ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. అత్తమ్మ రొట్టెలకు పిండి జల్లించడం మొదలుపెట్టింది.

శనివారం కోడి కూయకముందే బయల్దేరాం. గల్లీ అంతా నిలబడి సాగనంపింది. వదిన కళ్లు తుడుచుకుంది. ఆడబిడ్డ ఇంట్లోనే ఉండి ప్రార్థన చేస్తానని చెప్పి, ఎక్స్‌రే మాత్రం సీటు కింద పెట్టింది. దారిలో కొడుకు అనుకున్నట్టే కక్కాడు. మామ అనుకున్న దానికంటే ఎక్కువసార్లు బండి ఆపించాడు. కర్ణాటకలోకి పోగానే బోర్డుల మీద సగం చదవొచ్చే, సగం చదవరాని అక్షరాలు చూసి నా కూతురు, వీళ్ల టీచర్ సరిగ్గా నేర్పలేదని తేల్చింది. అత్తమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కోట గోడ కనబడింది. అత్తమ్మ మెడ అటు తిరిగింది. జీపు గోడ పక్క నుంచే పోయింది, మలుపు తిరిగింది, మళ్లీ తిరిగింది, నేను తేరుకుని అరిచేలోపు సరిగ్గా దవాఖాన గేటు ముందు ఆగింది.

"మామా, ఏంది గిది?" అన్నాను. జీపు మామ స్టీరింగ్ మీద ఉన్న తన చేతులను తానే వింతగా చూసుకున్నాడు. "ఆదత్ అమ్మా. అలవాటుకు చెయ్యి దానంతటదే తిరిగింది" అన్నాడు. ఆ ముక్క అత్తమ్మ చెవికి ఎక్కలేదు. ఆమె గేటు వైపు చూసి, నా వైపు చూసి, మెల్లగా చెప్పులు తొడుక్కుంటోంది. 'నేను చెప్పలేదా' అన్నట్టుంది ముఖం. అంతలో చాయ్ బండి దగ్గర నిలబడ్డ మా ఊరి మనిషి ఒకాయన టిఫిన్ డబ్బాతో ఉరికొచ్చాడు. "పెద్దమ్మా! నీకేమైంది?" అన్నాడు కిటికీ పట్టుకుని. వారమంతా గల్లీతో కొట్లాడిన నోరు సరిగ్గా అక్కడ మూతపడింది. వెనక నుంచి నా కూతురు, "నానమ్మా, గిదేనా కోట? గింత గూడ మంచిగ లేదు" అంది.

అత్తమ్మ పిల్ల వైపు చూసింది. కిటికీ పట్టుకుని నిలబడ్డ ఊరాయన వైపు చూసింది. తొడుక్కున్న చెప్పులు విప్పి, కాళ్లు పైకి ముడుచుకుని సీట్లో సర్దుకుని కూర్చుంది. "ఏమైతది? ఏం కాలే. ఊకెనే వచ్చినం" అంది. ఆయనకు అర్థం కాక, "ఊకెనేనా?" అన్నాడు. "ఆఁ, ఊకెనే. రావొద్దా?" అని గదిమింది అత్తమ్మ. తర్వాత ముందుకు వంగి, "బండి తిప్పు. నేను గోడ ఎనక ఏమున్నదో చూడాలె" అంది. ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

గోడ వెనక గడ్డి ఉంది, వేపచెట్లున్నాయి, కూలిన గోడలున్నాయి. అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అంతా చూసి, "గింత గడ్డికోసం గంత గోడ కట్టిండ్రా!" అని నవ్వింది. రొట్టెలు తిన్నాం. మామకు బాత్రూం దొరికింది, ఆయన ఆ రోజంతా దాన్ని పొగుడుతూనే ఉన్నాడు. అత్తమ్మ చెట్టు నీడన కొంగు పరుచుకుని, పట్టపగలు, నలుగురు మనుషులు తిరిగే చోట, హాయిగా నిద్రపోయింది. ఆమెను పగటిపూట పడుకోగా చూడటం నాకదే మొదలు. నాకు మాత్రం విశ్రాంతి దొరకలేదు. కొడుకు వెనక పరుగెత్తడం, మధ్యమధ్యలో వచ్చి మోకాలి ఎక్స్‌రేతో అత్తమ్మకు విసరడం, ఇదే సరిపోయింది. అయినా అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడు కలిగిందో చెప్పలేను.

ఆ తర్వాత ఎన్నో రెండో శనివారాలు అక్కడికే పోయాం. గల్లీకి అలవాటైపోయింది, బ్రెడ్డు రావడం ఆగిపోయింది. మొన్నామధ్య అత్తమ్మ కంటికి ఆపరేషన్ అన్నారు. బయల్దేరుతుంటే వదిన తన గడపలోంచే, "ఏడికి పెద్దమ్మా?" అని కేకేసింది. "బీదర్. ఊకెనే" అంది అత్తమ్మ. "మీకేంది, తిరుగుండ్రి" అని నవ్వి వదిన లోపలికి పోయింది. జీపులో కూర్చున్నాక అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, దారంతా వదల్లేదు. డాక్టరు ఇచ్చిన సమయానికి చేరుతామో లేదోనని నేను గడియారం చూసుకుంటూ ఉంటే జీపు ఆగింది. తలెత్తి చూస్తే కోట గేటు. జీపు మామ అద్దంలోంచి నన్ను చూసి, "ఆదత్ అమ్మా" అన్నాడు. "ఆలస్యమైతది మామా, నడు నడు" అన్నాను నేను. అవును, నేనే అన్నాను, ఊకెనే అనే ఒక్క మాటకోసం ఊరంతటితో కొట్లాడిన మనిషిని. అత్తమ్మ అప్పటికే తలుపు తీసింది. "ఆగింది గద, జరసేపు దిగుదం తియ్. దవాఖాన ఏడికి పోతది?" అంది.